మన యింటి మీటలు

గృహకృత్యములను గుఱించి వ్రాయునపుడు వంటను గుఱించియు, శిశుపోషణమును గుఱించియు, కుట్టుపనిని గుఱించియు వ్రాయుట వాడుక. స్విచ్చులను గుఱించి వ్రాయుట వింతగాఁ దోఁపవచ్చును. అది మగవారి విషయమనియు, కరెంటు పనివాఁడు వచ్చి బిగించి పోయిన తరువాత మనము నొక్కుట తప్ప వేఱు పని లేదనియు మనలోఁ బలువురు తలఁచెదరు. కాని దినమున కెన్నిమాఱులు మన వ్రేళ్లు స్విచ్చులను దాఁకునో యొకనాఁడు లెక్కపెట్టి చూచిన యెడల నీ యభిప్రాయము నిలువదు. తెల్లవాఱక మునుపే నీళ్ల మోటారు, తరువాత గీజరు, మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, పగలెల్ల ఫ్యాను, సంధ్యవేళ దీపములు. వీనినన్నిటిని వేయునదియు నార్పునదియు నింటి యిల్లాలే. ఇన్నిమాఱులు వాడు వస్తువును కొనునపుడు మాత్రము ఆమె నడుగువారు లేరు.

ఇప్పుడీ స్విచ్చులలోఁ గ్రొత్త జాతి యొకటి వచ్చినది. ఫోనులోనుండి యాజ్ఞాపించిన ఫ్యాను తిరుగును. నోటితోఁ బలికిన దీపము వెలుఁగును. ఇన్ని గంటలకు మోటారు ఆఁగవలయునని ముందుగాఁ జెప్పియుంచిన నాఁగును. వీనిని స్మార్టు స్విచ్చు లనుచున్నారు. నగరములలోఁ గ్రొత్తగాఁ గట్టు నిండ్లలో నివి మొదటనే యమర్పఁబడుచున్నవి. మా యురవకొండవంటి చిన్నయూళ్లకును నివి వచ్చి చేరినవి. కొనవలయునా, కొన్నచో నెట్టివి కొనవలయును, ఏ పరికరమునకుఁ బెట్టవచ్చును, ఏ పరికరమునకుఁ బెట్టరాదు అను ప్రశ్నలు మా యింటఁ బుట్టినవి. వానిని గుఱించి మాకుఁ దెలిసినంతవఱకు సోదరీమణులతో ముచ్చటింపఁ దలఁచితిమి.

ఉరవకొండ అనంతపురమునకును బళ్లారికిని నడుమనున్న యూరు. ఊరి ప్రక్కనున్న కొండ పామువలెఁ గనఁబడుటచే ఉరగకొండయని పేరు వచ్చి, అదియే క్రమముగా నురవకొండ యయ్యెనని పెద్దలు చెప్పుదురు. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును; ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి యింత దూరము వచ్చునప్పటికి డస్సిపోవును. అందుచే అనంతపురము జిల్లాకు సంవత్సరమునకు సగటున సుమారు 55 సెంటీమీటర్ల వర్షమే. 1882వ సంవత్సరమున బళ్లారి జిల్లానుండి వేఱుచేసి యీ జిల్లాను ఏర్పఱచిన నాఁటినుండియు కఱవు మాట వినని తరము లేదు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదిని జిల్లాను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను వేఱు చేసిరి. ఉరవకొండ అనంతపురము జిల్లాలోనే నిలిచినది. ఎండలును మాకే నిలిచినవి. వేసవిలో 40 డిగ్రీలు దాఁటుట సామాన్యము. బండలమిద్దెలు పగలెల్లఁ ద్రావిన వేఁడిని రాత్రియెల్ల మెల్లమెల్లగా విడుచుచుండును. ఇట్టిచోట ఫ్యాను భోగవస్తువు కాదు. ముసలివారికిని, బాలెంతలకును, పసిబిడ్డలకును నది ప్రాణాధారము. ఆషాఢము వచ్చినంతనే యీడ్చికొట్టు గాలి మొదలగును. ఆ గాలికే వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతముల మిట్టలమీఁద గాలిమరలు తిరుగుచు విద్యుత్తును పుట్టించుచున్నవి. కన్నుల యెదుటనే విద్యుత్తు పుట్టుచున్న సీమలో దాని నెట్లు వాడవలయునో తెలిసికొనుట మనకుఁ దగిన పనియే.

మా యింట నీ ప్రస్తావము వచ్చుటకుఁ గారణము మా యత్తగారు. ఆమె కెనుబది యేండ్లు దాఁటినవి. మోకాళ్ల నొప్పిచే రాత్రులందు లేచి నడచుట కష్టము. ఆమె గదిలోని స్విచ్చిబోర్డు, ప్రాఁత యిండ్లలో వలెనే, తలుపు ప్రక్కను నిలువెత్తున నున్నది. నడిరేయి చలివేసిన ఫ్యాను నార్పుటకును, ఉక్కపోసిన వేయుటకును ఎవరినైనఁ బిలువవలసి వచ్చుచుండెను. నిద్రపోవువారిని లేపుటకు మొగమోటపడి యెన్నియో రాత్రు లామె యోర్చుకొని పడియుండెను. బెంగుళూరిలో నుద్యోగము చేయుచున్న మా పెద్దకుమారుఁడు సెలవులకు వచ్చి యీ సంగతి విని, యింటిలోని స్విచ్చులన్నియు మార్పించెదనని పూనుకొనెను. వాని మంచి మనస్సునకు మేము సంతసించితిమి. ఇంటి కంతటికిఁ జేయుటకు ముందు అవ్వ గదిలో మాత్రము ఒక నెల దినములు పెట్టి చూతమనియు, ఆలోపల తక్కిన సంగతులు విచారింతమనియు నిశ్చయించుకొంటిమి. కరెంటుపని బాగుగా నెఱిఁగిన యొక పెద్దమనిషి మా వీధిలోనే యుండుట మాకు మేలయ్యెను.

మొదట స్విచ్చి చేయు పని యేమో తెలియవలయును. తీఁగలోఁ బ్రవహించు కరెంటును తెంపుట, కలుపుట, ఇంతే దాని పని. కాని తెంపునపుడు రెండు లోహపు ముక్కల నడుమ నిప్పురవ్వ లేచును. ఆ రవ్వ నిలిచిన స్విచ్చి కాలిపోవును. 1884వ సంవత్సరమున నింగ్లండులోని న్యూకాసిలు పట్టణవాసియగు జాన్ హెన్రీ హోమ్సు అనునాతఁడు స్ప్రింగు సాయమున టక్కున విడిపోవు స్విచ్చిని కనిపెట్టెను. ఆ రవ్వ నిలుచుటకు వ్యవధి లేకుండఁ జేయుటయే యందలి నేర్పు. నేఁటికిని మన గోడలమీఁది స్విచ్చులు టక్కుమని పలుకుచున్నవన్న నా నేర్పు చలవయే. స్మార్టు స్విచ్చిలో మన వ్రేలు చేయు పనిని రిలే యను చిన్న పరికరము చేయును. అందులోని తీఁగచుట్టకుఁ గరెంటు వచ్చినపుడు అది యయస్కాంతమై లోహపు నాలుకను లాగి తీఁగలను కలుపును. దాని ప్రక్కనే గాలిలో వచ్చు నాజ్ఞలను విను నొక చిన్న భాగముండును. ఆజ్ఞ యెప్పుడు వచ్చునో తెలియదు గావున నది రేయుఁబవళ్లు మేలుకొని యుండవలయును; మేలుకొని యుండుటకు దానికిని గొంచెము కరెంటు కావలయును.

ఇచ్చటనే ప్రాఁత యిండ్లకు మొదటి చిక్కు వచ్చును. దీపమునకు మాత్రము వేసిన ప్రాఁత బోర్డులలో ఫేసు తీఁగ యుండును గాని న్యూట్రలు తీఁగ యుండక పోవచ్చును. న్యూట్రలు లేనిదే సామాన్యమైన స్మార్టు స్విచ్చి మేలుకొని యుండఁజాలదు. అది లేకయే పనిచేయు రకములును గలవు గాని, అవి దీపము గుండనే కొంచెము కరెంటును లాగుకొనుటచే ఆర్పిన యెల్‌ఇడి దీపములు మిణుకుమిణుకు మనుచుండును. ప్లగ్గు పెట్టుకొను సాకెట్టున్న బోర్డులో న్యూట్రలు తప్పక యుండును. కావున నంగడికిఁ బోవుటకు ముందు పనివానిచే బోర్డులు విప్పించి యేయే గదిలో నేయే తీఁగ యున్నదో వ్రాయించుకొనుట మొదటి పని.

ఆకారమును బట్టి యీ స్విచ్చులు రెండు తెఱఁగులు. ఒకటి, ప్రాఁత బోర్డును తీసివేసి యమర్చు నద్దపు పలక. దానిని వ్రేలితో సోఁకిన చాలును. రెండవది, మన ప్రాఁత స్విచ్చుల వెనుకనే డబ్బాలో దాఁచు చిన్న పెట్టె. అద్దపు పలక చూడ ముచ్చటగా నుండును. కాని పిండి చేతులతోను తడి చేతులతోను పనిచేయువారికి నది యెంతమాత్రము అనుకూలము కాదు. చూపు మందగించినవారికి చీఁకటిలో నే గడి యెచ్చటనో తెలియదు. రెండవ రకములో ఫోను లేనివారును, నెట్టు లేని వేళయును, చేతితో నొక్కిన మునుపటివలెనే పనిచేయును. ఏ స్విచ్చియైనను చేతితో నొక్కిన పనిచేయనిచో నది మన యింటికి రాఁదగదని మేము మొదటనే నియమము పెట్టుకొంటిమి.

ఇఁక ఫ్యాను సంగతి. ఫ్యానును వేయుట యార్పుట యొక్కటే గాదు, వేగమును మార్చుట గూడ గలదు. ప్రాఁతకాలపు పెద్ద రెగ్యులేటరు పెట్టె మిగిలిన కరెంటును వేఁడిగా మార్చి వ్యర్థపఱచును. దానితో వేగము తగ్గించినను బిల్లు తగ్గుట స్వల్పమే. ఇప్పటి మెట్లు మెట్లుగా తిరుగు చిన్న రెగ్యులేటరులో కెపాసిటర్లు పనిచేయుటచే నంత వ్యర్థము లేదు. స్మార్టు స్విచ్చులలో కొన్ని దీపముల వెలుతురును తగ్గించుటకు మాత్రమే యేర్పడినవి; వానిని ఫ్యానునకుఁ దగిలించిన ఫ్యాను గుంయ్యి మని మూలుగును, మోటారు వేఁడెక్కును. ఫ్యానుకొఱకని ప్రత్యేకముగాఁ జెప్పి యమ్ము రకమునే తీసికొనవలయును.

ఇటీవల బిఎల్‌డిసి ఫ్యానులు వచ్చినవి. సామాన్యమైన 48 అంగుళముల ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనఁగా నివి సుమారు 30 వాట్లతోనే యంత గాలి నిచ్చును. వీని వేగము లోపలి యంత్రమే నిర్ణయించును గావున వీనికి గోడమీఁది రెగ్యులేటరు పనికిరాదు. అది స్మార్టు రెగ్యులేటరైనను పనికిరాదు. ఉత్త స్విచ్చి పెట్టి, వేగమునకు ఫ్యానుతో వచ్చిన రిమోటును వాడుకొనవలయును. ఒక యంగడిలో మాకు బిఎల్‌డిసి ఫ్యానును, దానికని స్మార్టు రెగ్యులేటరును జతగా నమ్మఁజూచిరి. "రెండును గలిసి పనిచేయునని కాగితముమీఁద వ్రాసి యిత్తురా?" యని యడిగితిమి. వ్రాసి యీయలేదు, మేమును గొనలేదు.

కొందఱు స్మార్టు స్విచ్చి పెట్టిన బిల్లు తగ్గునని చెప్పుదురు. ఈ మాటను లెక్క వేసి చూడవలయును. 75 వాట్ల ఫ్యాను దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లగును. దానికి బదులు 30 వాట్ల ఫ్యాను తిరిగిన 10.8 యూనిట్లే. ఒక్క ఫ్యానుమీఁద నెలకు 16.2 యూనిట్లు, మూఁడు ఫ్యానులమీఁద 48.6 యూనిట్లు మిగులును. యూనిట్లు పెరిగినకొలఁది యూనిటు ధరయును పెరుగును గావున నీ మిగులు చిన్నది కాదు. అది ఫ్యాను మార్చినందున వచ్చిన లాభము, స్విచ్చి మార్చినందున వచ్చినది కాదు. స్విచ్చివలన లాభమెల్ల మనము మఱచినపుడే. ఎవరును లేని గదిలో 75 వాట్ల ఫ్యాను దినమునకు రెండు గంటలు వృథాగాఁ దిరిగిన నెలకు 4.5 యూనిట్లు, స్విచ్చి తనంతట నార్పిన నవి మిగులును. స్విచ్చియో, మేలుకొని యుండుటకై యొక వాటు తీసికొనినను నెలకు 0.72 యూనిటు తినును. ఇంట నెనిమిది బోర్డులకుఁ బెట్టిన నెలకు 5.76 యూనిట్లు స్విచ్చులకే సరి. కావున, గది విడుచునపుడు ఫ్యాను నార్పు నలవాటున్న యింటికి స్మార్టు స్విచ్చివలన బిల్లు తగ్గదు, పెరుగవచ్చును. 2023వ సంవత్సరము జనవరి 1వ తేదినుండి మన దేశమున ఫ్యానులమీఁద నక్షత్రపు గుర్తు తప్పనిసరి చేయఁబడినది. పొదుపే కోరువారు ముందుగా నా గుర్తును చూచి ఫ్యానును మార్చుట మేలు.

తరువాత తెలియవలసినది ఆంపియర్ల లెక్క. ప్రతి స్విచ్చిమీఁదను అది మోయఁగల భారము వ్రాసియుండును. వాట్లను 230 చే భాగించిన ఆంపియర్లు వచ్చును. 2,000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లును, 3,000 వాట్లది 13 ఆంపియర్లును లాగును. ఆఱు ఆంపియర్ల స్విచ్చి ఫ్యానునకును దీపమునకును జాలును గాని గీజరునకుఁ జాలదు. దానికి 16 ఆంపియర్లదే కావలయును. మోటార్ల సంగతి మఱి యొకటి. నీళ్ల మోటారు నడుచునపుడు తీసికొను కరెంటుకంటె బయలుదేఱునపుడు నాలుగైదు రెట్లు లాగును. ఆ యూపునకు చిన్న రిలే ముక్కలు అతుకుకొని పోవును. అతుకుకొన్న రిలే యార్పుమన్నను ఆఱదు. మోటారునకుఁ బెట్టఁదలఁచినచో స్మార్టు స్విచ్చిచే నేరుగా మోటారును గాక, కాంటాక్టరు అను బలమైన పరికరమును నడిపింపవలయును.

అన్ని పరికరములకును పెట్టవచ్చును గాని, అన్నిటికిని పెట్టరాదు. నిప్పు, కోఁత, పోటు గల పరికరములు ఎదుట మనిషి లేనిదే కదలరాదని మా యభిప్రాయము. ఇస్త్రీపెట్టె, ఇండక్షను పొయ్యి, మిక్సీ, గ్రైండరు, నీళ్లలో ముంచు హీటరు, ఇవి దూరమునుండి నడువఁదగినవి కావు. ఫ్రిజ్జు సంగతియు నట్లే. మాటిమాటికి నార్పి వేసిన దాని కంప్రెసరు చెడును. ఇఁక కరెంటు పోయి మరల వచ్చినపుడు స్విచ్చి యే స్థితిలో నుండవలయునో మనమే నిర్ణయింపఁ గల యేర్పాటు మంచి స్విచ్చులలో నుండును. ఫ్యానునకు "మునుపున్నట్లే" యనియు, గీజరునకును మోటారునకును "ఆఱియే యుండవలయు" ననియు నమర్చుకొనవలయును. ఈ యేర్పాటు లేని స్విచ్చిని మా యూరివంటి చోట్ల కొనుట తగదు. కరెంటు పోయిన సంగతి మఱచి మనము చేలోనికో గుడికో పోయినపుడే యది తిరిగివచ్చును.

మఱియొక యపాయము గలదు. దీనిని సోదరీమణులు మఱువరాదు. సంక్రాంతికిని ఉగాదికిని ముందు బల్లయెక్కి ఫ్యాను రెక్కలు తుడుచుట మన వాడుక. ప్రాఁత స్విచ్చి పైకున్నదో క్రిందికున్నదో చూచి ఫ్యాను ఆఱినదని నమ్ముచుంటిమి. స్మార్టు స్విచ్చి యున్న యింట నా నమ్మకము చెల్లదు. మనము బల్లమీఁద నుండఁగా వేఱొక గదిలోని పిల్లవాఁడో, వేఱొక యూరిలోని వాఁడో ఫోను నొక్కిన ఫ్యాను తిరుగును. కావున ఫ్యాను తుడుచుటకును, బల్బు మార్చుటకును ముందు ఎంసిబి వేఱుగాఁ దీసియే బల్ల యెక్కవలయును. ప్రాఁత స్విచ్చి యున్నను నిదియే మంచి యలవాటు.

మా సీమకుఁ జెల్లిన సంగతి యింకొకటి యెర్తు. పరికరములో లోపము వచ్చి పైరేకునకుఁ గరెంటు సోఁకినపుడు మనలను గాపాడునది భూమిలోనికిఁ బోవు నెర్తు తీఁగ. నేల తడిగా నున్నపుడే భూమి కరెంటును సులువుగాఁ దీసికొనును. మా నేల యెండి బీటలువారిన వేసవిలో నెర్తు పేరునకు మాత్రమే మిగులును. ఎర్తు గుంటలో బొగ్గును ఉప్పును వేయుట యందులకే. ఎండకాలములో వారమున కొకమాఱు ఆ గుంటలో రెండు బిందెల నీళ్లు పోయుట మేలు. నీళ్లకుఁ గటకటపడు కాలములో నిది వ్యర్థమని తోఁపవచ్చును గాని, పాత్రలు కడిగిన నీళ్లైనను జాలును. దీనితోఁబాటు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినంతనే తెంపివేయు ఆర్‌సిసిబి యను పరికరమును మెయిను బోర్డులో నుంచుకొనవలయును. స్మార్టు స్విచ్చులకుఁ బెట్టు సొమ్ములో మొదటి భాగము దీనికిఁ జెందవలయునని మా మనవి. ఎర్తు లేని యింట స్మార్టు స్విచ్చి, పునాది లేని గోడకు సున్నము పూయుట వంటిది.

ఇన్వర్టరు గలవారు మఱొకటి చూచుకొనవలయును. చవకరకపు చదరపు తరంగముల యిన్వర్టరుమీఁద ఫ్యానులు మూలుగుటయే గాక యీ సున్నితపు స్విచ్చులును గతి తప్పవచ్చును. సైను తరంగముల రకము మేలు. నెట్టు పెట్టెకును ఇన్వర్టరునుండియే కరెంటు రావలయును. స్విచ్చులలోఁ బెక్కు 2.4 గిగాహెర్ట్జు వైఫై నే వినును. బండగోడల యిండ్లలో నది యన్ని గదులకుఁ జేరదు. కొనుటకు ముందు ఫోను పట్టుకొని యా గదిలో నెట్టు వచ్చుచున్నదో లేదో చూచుట సులువైన పరీక్ష.

ఇన్ని చిక్కులు చెప్పితిమని, యీ వస్తువు నిరుపయోగమని మా యభిప్రాయము కాదు. మా యూరిలో నేతవారి యిండ్లు గలవు. గుంటమగ్గములోఁ గూర్చుండి కాళ్లతోఁ ద్రొక్కుచుఁ జేతులతో నాడించువారికి ఫ్యానుకొఱకై మాటిమాటికి లేచుట పనికి భంగము. వారికి చేతికందు రిమోటు నిజమైన మేలు. నీళ్ల ట్యాంకు నిండినంతనే మోటారు నాపు నేర్పాటు మఱింత మేలు. తొట్టి పొంగి నీరు వీథిలోనికిఁ బాఱుట కఱవుసీమలోఁ జూడరాని దృశ్యము. దానికి నెట్టు నక్కఱ లేదు, ఫోను నక్కఱ లేదు. నీటితోఁ దేలియాడు ఫ్లోటు స్విచ్చి ట్యాంకులో నొకటియు, అడుగు సంపులో నొకటియు నున్నఁ జాలును. పైది నిండిన మోటారు ఆఁగును; క్రింది నీరు తఱిగినను ఆఁగును. నీరు లేక మోటారు వట్టిగాఁ దిరిగి కాలిపోవుట తప్పును.

దూరముననున్న కంపెనీ యంత్రముమీఁద నాధారపడు స్విచ్చులకు మఱొక గండము గలదు. అమెరికాలో రివాల్వ్ అను పేర నిండ్లలోని పరికరములను గలిపి నడుపు పెట్టె యొకటి యమ్ముడుపోయెడిది. ఆ కంపెనీని నెస్టు సంస్థ కొని, 2016వ సంవత్సరము మే నెలలో దాని సేవను నిలిపివేసెను. కొన్నవారి యిండ్లలో నా పెట్టెలు పనికిమాలినవయ్యెను. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో నిన్‌స్టియాన్ అను కంపెనీ యంత్రములును హఠాత్తుగా నాఁగినవి. పిమ్మట వాడుకరులలోఁ గొందఱే దానిని కొని మరల నడిపించిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో, వేర్వేఱు కంపెనీల పరికరములు ఒకదాని మాట నొకటి తెలిసికొనునట్లు మ్యాటర్ అను నుమ్మడి పద్ధతి వెలువడినది. ఆ గుర్తు గల పరికరములు ఇంటిలోని నెట్టుతోనే తమలోఁ దాము మాటాడుకొనఁగలవు. కొనఁదలఁచువారు ఆ గుర్తును చూచి కొనుట మంచిది.

ఇంతవఱకు తీఁగల సంగతి. మనుష్యుల సంగతి యవ్వ గదిలోఁ దెలిసినది. గదిలో స్మార్టు స్విచ్చి పెట్టిన రెండవ వారమున నొకనాఁటి సాయంకాలము మా కుమారుఁడు బెంగుళూరినుండి ఫోను చేసి, "అవ్వా! నిన్న రాత్రి రెండు గంటలకు లేచినావేమి? నిద్ర పట్టలేదా?" యని ప్రేమతో నడిగెను.

అవ్వ కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "నేను లేచినానని నీకెవరు చెప్పిరి నాయనా?" యనెను.

"ఎవరూ చెప్పలేదవ్వా. ఫ్యాను ఆర్పినట్లు నా ఫోనులో పడినది."

"గోడలకు చెవులుంటాయని వింటిని గాని, కండ్లు గూడ వచ్చినాయా నాయనా?" యని యామె నవ్వుచునే యనెను. మేమును నవ్వితిమి. కాని యా రాత్రియు, మఱునాఁటి రాత్రియు నామె యా స్విచ్చిని దాఁకలేదు. ఉక్కలోనే పడియుండెను. మేము మెల్లగా నడుగఁగా, "వాఁడు మంచికే అడిగినాడు లే అమ్మాయీ. అయినా నేను లేచేది, పండుకొనేది ఇంకొకరికి లెక్క తెలిసేదెందుకు? నా గదిలో మీట నా చేతిలో ఉంటే చాలు" ననెను.

ఈ మాటను మేము కుమారునకుఁ దెలుపఁగా వాఁడు వెంటనే గ్రహించెను. అవ్వ కొఱకుఁ బెట్టిన వస్తువు అవ్వకే సంకెల యగుట వానికిని ఇష్టము లేదు. ఇది మా యింటి యవ్వకు మాత్రమే పట్టిన యనుమానము కాదు. 2018వ సంవత్సరము జూను నెలలో అమెరికాలోని న్యూయార్కు టైమ్సు పత్రిక యీ విషయముననే యొక సుదీర్ఘమైన వార్తను ప్రకటించెను. ఇంటి పరికరములను ఫోనుద్వారా నడుపఁగల భర్తలును, విడిపోయిన భర్తలును, దూరముననుండియే దీపములు వేసి యార్పుచు, గది వేఁడిని మార్చుచు, తలుపు తాళపు టంకెలను మార్చుచు, ఇంటిలోని యాఁడువారిని బాధించిన యుదాహరణము లందుఁ గలవు. ఆ యిండ్లలో నా పరికరములను గొని యమర్చినది సాధారణముగా మగవారే. వాని మర్మము స్త్రీలకుఁ దెలియకుండుటయే యా బాధకు మూలము. మన యిండ్లలోని మగవా రట్టివారని మేము చెప్పుట లేదు. ప్రేమ గలవాని చేతనున్నను, మన యింటి మీట మనకుఁ దెలియకుండ నొకరి చేత నుండుట నీతి కాదని మాత్రము చెప్పుచున్నాము. ఇంటి తాళపుచెవి యెవరి కొంగున నున్నదను ప్రశ్నకు మన పెద్దలు ఎంత విలువ నిచ్చిరో, స్విచ్చుల యకౌంటు ఎవరి ఫోనులో నున్నదను ప్రశ్నకును మన మంత విలువ నీయవలయును.

తుదకు మా యింట నిట్లు జరిగినది. అవ్వ గదినుండి స్మార్టు స్విచ్చిని తీసివేసితిమి. దానికి బదులు మంచము ప్రక్కనే, పడుకొని చేయి చాఁచిన నందునట్లు, టూవే స్విచ్చి యొకటి పెట్టించితిమి. మేడమెట్లకు క్రింద నొకటి పైన నొకటి పెట్టు నా ప్రాఁత యేర్పాటే. తలుపు దగ్గఱ వేసినదానిని మంచము దగ్గఱ నార్పవచ్చును. బిఎల్‌డిసి ఫ్యాను నొకటి తగిలించి, దాని రిమోటును దారముతో మంచపు కోడునకుఁ గట్టితిమి. ఆ రిమోటు వెలుఁగు ఫ్యానును దాఁకును గాని బెంగుళూరిని దాఁకదు. ఎప్పుడు నొక్కితిరో యెచ్చటను వ్రాసి పెట్టదు. ట్యాంకునకు ఫ్లోటు స్విచ్చులు పెట్టించితిమి. గీజరునకు మాత్రము 16 ఆంపియర్ల స్మార్టు స్విచ్చి యుంచుకొంటిమి. ఇరువది నిమిషములకుఁ దనంతట నాఱును. దాని యకౌంటు మా ఫోనులో మాచేతనే తెఱవఁబడినది. కుమారుఁడు ఫోనులో దారి చెప్పెను, నొక్కినది మేము. మెయిను బోర్డులో ఆర్‌సిసిబి పెట్టించితిమి. నెలకొకమాఱు దాని పరీక్షమీటను నొక్కి చూచుట మా కోడలి పని.

కొనఁబోవు సోదరీమణులు అంగడివాని నడుగవలసిన మాటలు మఱల నొకమాఱు చెప్పెదము. నెట్టు లేనపుడు చేతితో నొక్కినఁ బనిచేయునా? మా బోర్డులో న్యూట్రలు లేనిచో నేమి చేయవలయును? ఇది ఎన్ని ఆంపియర్లు మోయును, మోటారును మోయునా? కరెంటు పోయి వచ్చినపుడు వెలుఁగునా, ఆఱియే యుండునా? మా ఫ్యానునకు రెగ్యులేటరు పనికివచ్చునా? ఐఎస్ఐ గుర్తు గలదా? కంపెనీ మూఁతపడిననాఁడు ఇది స్విచ్చిగానైన మిగులునా? వీనికి సూటిగా నుత్తరము చెప్పలేని యంగడినుండి నమస్కరించి వచ్చివేయవచ్చును. ఎనిమిదవ ప్రశ్న యంగడివానిని గాక మన యింటివారినే యడుగవలసినది. దీని మీట యెవరి చేత నుండును?

ఇప్పుడు మా యత్తగారు రాత్రివేళ నెవరిని బిలుచుట లేదు. మొన్న కుమారుఁడు ఫోను చేసి, "రాత్రి నిద్ర పట్టెనా అవ్వా?" యని యడిగెను. "పట్టింది నాయనా" యని యామె చెప్పెను. పట్టినదో లేదో చెప్పుట యిప్పుడామె యిష్టము.